ఎడం బ్రేకు లూజు

ఆరు గంటలకల్లా సైకిలు నా కొట్టు దగ్గరుండాలమ్మా.
అడ్వాన్సు రెండొందలు. ఎడం బ్రేకు లూజు,
దిగుడులో దాన్ని నమ్ముకోకు.
ఇక రాసుకో తోవ.

పర్లాకిమిడి దాటేదాకా ఎక్కడా దిగకు.
కొమ్ముతో కొంగలు చెక్కే ముసలాయన అరుగు ముందు
బూడిద రంగు పొడి లేస్తుంటాది.
తుమ్ముకుంటూ తొక్కేయ్.

మహేంద్రతనయ వంతెన మీద మాత్రం ఆగు.
నీళ్ళు పలచగా ఉన్నాయని చులకన చెయ్యకు.
శ్రావణంలో ఆ ఏరు
పశువుల సంతలాగ అరుస్తాది.
ఇప్పుడంటే, చాకలి మరిచిపోయిన బట్టల్లాగ
ఇసకలో అక్కడో ముక్క, ఇక్కడో ముక్క.

బోర్డులు చూసి బెంగపడకు.
ఒడియా అక్షరాలన్నీ గొడుగులేసుకుని నిలబడతాయి.
మనవి పాపం తలకట్టొకటి అడ్డం పెట్టుకుని
తడుస్తూ ఉంటాయి.
ఎక్కడ ఆంధ్రా అయిపోయి ఎక్కడ ఒడిశా మొదలని
వచ్చినోళ్ళందరూ అడుగుతారు.
నాకైతే తెలీదు.
టీ కొట్టువాడు చిల్లర బదులు
ఇటేపు చాక్లెట్టు ఇస్తాడు,
అటేపు బీడీ ఇస్తాడు.
మధ్యలో ఒకడున్నాడు, ఏమీ ఇవ్వడు.

మెట్ట మొదట్లో తారు ఆగిపోతాది.
కుడిది బస్సు తోవ, వెళ్ళకు.
ఎడం పక్కది తోవలాగ ఉండదు,
జీడితోటలోకి ఎవరో మేకని ఈడ్చుకెళ్ళినట్టుంటాది.
అదే.

ఎన్ని కిలోమీటర్లంటావా?
రెండుసార్లు గాలి కొట్టుకున్నంత.
రాలిన జీడిపళ్ళు పులిసి
గాలికే కొంచెం మత్తెక్కి ఉంటాది.
గెడ్డ ఒక్కటే గానీ మూడుసార్లు అడ్డమొస్తాది.
మొదటిసారి తొక్కి దాటొచ్చు.
రెండోసారి చెప్పులు విప్పాలి.
మూడోసారి కాళ్ళు దింపి కూర్చుంటావు చూడు,
అక్కడ టైము మర్చిపోతారు జనం.
అందుకే ఆరు గంటలని ముందే చెప్పింది.

పైకెక్కేక వెనక్కి తిరుగు.
చోడిచేలు మెట్లు మెట్లుగా దిగుతుంటాయి,
వాటి కింద ఊరు, ఊరి కింద ఏరు,
ఏటికి అటేపు ఇంకో కొండ,
దాని వెనక పేరు తెలీని నీలం.
ఫొటోలో రాదు. అందరూ తీస్తారు, ఎవరికీ రాలేదు.

అక్కడ ఆరేడు సవర ఇళ్ళు.
దాలయ్య పంపించాడని చెప్తే
సొంబారి అంబలి ఇస్తాది, ఉప్పు తక్కువేస్తాది.
డబ్బులివ్వకు, తీసుకోదు.
పసుపు కొనుక్కో, అది తీసుకుంటాది.
లోపల ఎర్రమట్టి గోడ మీద
బియ్యప్పిండి బొమ్మలుంటాయి.
గుర్రాలు, నిచ్చెనలు, ఏనుగు, ఎండ.
అడక్కుండా ఫోను తియ్యకు.
కింద మూలకి ఒక పుల్లలాంటి మనిషి,
వాడి భుజం మీద రెండు సున్నాలు.

అది సైకిలే.

తుపాను ఏడు బస్సు తోవ గెడ్డలో కలిసిపోయింది.
కొండ మీదికి పోడానికి తోవే లేదు.
నూకల బస్తా హేండిలుకి కట్టుకుని,
జ్వరం మాత్రలు రుమాల్లో చుట్టుకుని
జీడిచెట్లు పట్టుకుంటూ ఎక్కేను.
సగం దూరం నేను సైకిలెక్కలేదు,
సైకిలే నన్నెక్కింది.
రెండోరోజు నా అడుగుల్లో మరో నలుగురు,
మూడోరోజు ఊరు మొత్తం దిగి మోసుకుపోయింది.
గడ్డి మళ్ళీ మొలవలేదు, అదే తోవైపోయింది.

బావుంటాదమ్మా, కాదనను.
మంచు పడ్డ పూట మరీ బావుంటాది.
కానీ అది చూడ్డానికి వేసిన తోవ కాదు.
ఆ రోజు నేనేమీ చూళ్ళేదు,
కాలు పెట్టే రాయి తప్ప.
ఇప్పుడు మీరొచ్చి అబ్బ ఎంత బావుందంటే
నేనూ ఒకసారి తీరిగ్గా వెళ్ళాలనుకుంటాను.
కొట్టు ఎవరు చూస్తారు?

ఇదిగో పంపు, ఇదిగో అతుకుల డబ్బా.
ఎడం బ్రేకా? ఆ ఏడు బండరాయికి కొట్టుకుంది.
బాగు చేయించొచ్చు.
చేయించలేదు.

కుడి చేత్తో పట్టుకో, మెల్లగా దిగు.